దాణా, డైపర్లు, జామెట్రీ బాక్సు

మా సహకార స్టోరులో బంగారు గని ఉందని మొదట కనిపెట్టినవారు ప్రధాన కార్యాలయంలోని ప్రత్యేకాధికారి ధనుంజయరావు గారు. అంతకుముందు ఇరవై రెండేళ్లుగా నేను ఆ గని మీదే స్టూలు వేసుకుని కూర్చుని బిల్లులు కొడుతున్నాను గానీ, నాకా సంగతి తెలియదు. తెలిసుంటే కనీసం స్టూలుకి ఒక దిండైనా అడిగేవాణ్ణి.

ఒక సోమవారం ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా సమాఖ్య సిబ్బంది యావన్మందికీ తెలియజేయునదేమనగా, గత ఆరు సంవత్సరముల బిల్లులయందు విలువైన నమూనాలు నిక్షిప్తమై యున్నవి. ఏ సరుకుతో ఏ సరుకు కలిసి అమ్ముడైనచో సంస్థకు అధిక లాభము చేకూరుచున్నదో అత్యంత వేగవంతమైన పద్ధతిన వెలికితీయుటకు నిర్ణయించడమైనది. బిల్లులను భద్రపరచవలెను. ఎలుకల విషయమై తగు జాగ్రత్త వహించవలెను."

మేనేజరు త్రిమూర్తులు గారు దాన్ని రెండుసార్లు చదివారు. చివరి వాక్యం ఒక్కటే అర్థమైందని చెప్పి, ఎలుకల మందు తెప్పించారు.

మా స్టోరు కాలువ గట్టు పక్కన, పాత రైసుమిల్లు గోడౌనులో ఉంటుంది. పళ్లపొడి నుంచి పశువుల దాణా దాకా అన్నీ దొరుకుతాయి. లోపలికి రాగానే ఎడంపక్క విడి సరుకుల కౌంటరు. అక్కడ రాళ్ల ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు తూచి పొట్లం కట్టేది వీరవేణి. పదకొండేళ్లుగా రోజుకూలీ మీద పనిచేస్తోంది. పర్మనెంటు చెయ్యమని ఏటా ఒక దరఖాస్తు పెడుతుంది. ఏటా "పరిశీలనలో ఉన్నది" అని జవాబొస్తుంది. పర్మనెంటైతే ఏం చేస్తావమ్మా అని ఒకసారి అడిగాను.

"జ్వరం వస్తే పడుకుంటానండి" అంది.

నిజమే. రాకపోతే ఆ రోజు కూలి ఉండదు కాబట్టి, పదకొండేళ్లుగా ఆవిడ తన జ్వరాలన్నీ ఆదివారాలకి సర్దుకుంటూ వచ్చింది. ఈసారి మాత్రం ఫైలు నిజంగానే కదిలిందనీ, డిసెంబరులోగా ఆర్డరు వస్తుందనీ ప్రధాన కార్యాలయంలో ఎవరో చెప్పారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి వీరవేణి పొట్లాలు కూడా కాస్త అందంగా కట్టడం మొదలెట్టింది.

బుధవారం ధనుంజయరావు గారు వచ్చారు. వెంట విశాఖపట్నం నుంచి ఇందుశేఖర్ అనే నిపుణుణ్ణి తీసుకొచ్చారు. ఆ అబ్బాయి మంచివాడు. అందరికీ అర్థమయ్యేలా చెప్పాలని చూశాడు. మా దగ్గర అతను చేసిన తప్పు అదే.

"ఇక్కడ ఆరువేల రకాల సరుకులున్నాయండి" అన్నాడు. "ఏది దేనితో కలిస్తే ఎంత లాభమో అన్నీ చూసుకుంటూ కూర్చుంటే కంప్యూటరుకి మన మనవల కాలం దాకా పడుతుంది. అందుకే ముందే ఒక గీత గీసుకుంటాం. ఒక సరుకున్న బిల్లులన్నిటి లాభం కలిపినా ఆ గీత దాటలేదనుకోండి, దానికి ఏది జత చేసినా దాటదు. ఇంక దాని వంక చూడక్కర్లేదు. దీన్ని కత్తిరింపు అంటాం."

ధనుంజయరావు గారు నోటు పుస్తకంలో "కత్తిరింపు" అని రాసుకుని కింద మూడు గీతలు గీశారు.

"పదం బాగున్నది" అన్నారు.

"మా ఉప్పు గీత దాటుద్దాండి?" అని వీరవేణి వెనకనుంచి అడిగింది.

ఇందుశేఖర్ ఆమె కేసి చూసి నిజమే చెప్పాడు. "రాళ్ల ఉప్పు కొనేవాళ్లవన్నీ చిన్న బిల్లులమ్మా. దాటదు. దానివల్ల ఉప్పుకేం కాదు. మేం కత్తిరించేది లెక్కలోంచే, కొట్లోంచి కాదు."

సరిగ్గా అప్పుడే టీ వచ్చింది. మా సంస్థలో టీ వచ్చాక చెప్పిన మాటలు రికార్డులోకి ఎక్కవు.

శుక్రవారానికి గని తవ్వడం పూర్తయింది. ధనుంజయరావు గారు మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి, కాగితం ఎత్తిపట్టుకుని చదివారు.

"ఆరు సంవత్సరముల కాలములో ఈ శాఖయందు అత్యధిక లాభము చేకూర్చిన నమూనా ఏదనగా: పశువుల దాణా, పసిపిల్లల డైపర్లు, జామెట్రీ బాక్సు. ఈ మూడునూ గత రెండేళ్లుగా ప్రతి శనివారమూ ఒకే బిల్లున అమ్ముడగుచున్నవి. దీనికి స్వర్ణ త్రయమని నామకరణము చేయడమైనది."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం కూడా వేసింది. ఎందుకంటే ఆ బిల్లులు కొట్టింది నేనే.

సంగతి చెబుతాను. వెయ్యి రూపాయల బిల్లుకి మా స్టోరు ఒక స్టీలు డబ్బా ఉచితంగా ఇస్తుంది. కాలువ గట్టు వీధిలో ముగ్గురు ఆడవాళ్లున్నారు. మంగతాయారు గారికి నాలుగు గేదెలు. సలోమి గారింట్లో కూతురికి కవలలు పుట్టారు. అనసూయ గారు ఇంట్లో ట్యూషను చెబుతారు, పిల్లలకి జామెట్రీ బాక్సులూ పుస్తకాలూ ఆవిడే కొని ఇస్తారు. ముగ్గురూ శనివారం పొద్దున్నే ఒకే ఆటోలో వస్తారు. ఎవరి సరుకులకీ వెయ్యి నిండదు. అందుకని అన్నీ నా బల్ల మీద కలిపేసి, "మాదంతా ఒకటేనండి, కొట్టేయండి" అంటారు. డబ్బా ఒక వారం ఒకరు, ఇంకో వారం ఇంకొకరు తీసుకెళతారు. బిల్లు కలపడం అంటే ఇదే. మా ఊళ్లో సగంమంది చేస్తారు.

ఈ ముక్క చెబుదామని నోరు తెరిచాను. త్రిమూర్తులు గారు నా మోచెయ్యి పట్టుకుని గోడౌను వెనక్కి లాక్కెళ్లారు.

"భీమశంకరంగారూ, రెండిళ్ల సరుకు ఒక బిల్లులో కొట్టకూడదని తొంభయ్యారులోనే సర్క్యులరు ఇచ్చేరండి. మీరిప్పుడు నోరిప్పేరనుకోండి, ముందు మీరు ఇంటికెళ్తారు, మీ ఎనకాల నేనొస్తాను. ఆయనకి బంగారం దొరికిందంటన్నాడు కదండి. దొరకనివ్వండి."

నేను నోరు మూసుకున్నాను. ఆరేళ్లలో రిటైరయ్యేవాణ్ణి. ఇది గొప్ప కారణం కాదని నాకూ తెలుసు.

వారం తిరిగేసరికి స్టోరు మారిపోయింది. గుమ్మం ఎదురుగా స్వర్ణ త్రయ మండపం కట్టారు. దాణా బస్తాల మీద డైపర్ల ప్యాకెట్లు, డైపర్ల మీద జామెట్రీ బాక్సులు పేర్చి, చుట్టూ రంగు కాగితాలు అంటించారు. మూడింటిలో ఏది కొన్నా, మిగతా రెండూ కావాలా అని సిబ్బంది విధిగా అడగాలి. జవాబు రిజిస్టరులో రాయాలి.

కొమరిపాలెం నుంచి వచ్చిన ఒక రైతు రెండు బస్తాల దాణా కొన్నాడు. ఉత్తర్వు ప్రకారం, డైపర్లు కావాలా అని అడిగాను. ఆయన డైపర్ల ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గేదెకి ఏ సైజు వత్తాదండి?"

ఆ ప్రశ్న రిజిస్టరులో రాశాను. త్రిమూర్తులు గారు దాన్ని ప్రధాన కార్యాలయానికి పంపారు. "పరిశీలనలో ఉన్నది" అని జవాబొచ్చింది.

ఆ తరవాత కత్తిరింపు మొదలైంది. గీత దాటని సరుకుల జాబితా వచ్చింది. అందులో మొదటి పేరు రాళ్ల ఉప్పు. చింతపండు, అగ్గిపెట్టె, సూదీదారం, తలనొప్పి మందు దాని వెనకాలే ఉన్నాయి. "సదరు సరుకుల వంక ఇకపై చూడవలసిన అవసరము లేదు" అని రాసుంది. చూడవలసిన అవసరం లేని సరుకులు కొట్లో ఉంటే చూడక ఎలా ఉంటామని త్రిమూర్తులు గారు ఫోనులో అడిగితే, అందుకే తీసెయ్యమన్నారు.

ఉన్న నిల్వ అయ్యేదాకా కూడా, ఉప్పు కోసం వచ్చినవాళ్లని వాచ్‌మన్ గుమ్మంలోనే ఆపేవాడు. ఉప్పుతో ఇంకేం కొంటారో చెప్పమని అడిగేవాడు. ఇంకేం వద్దంటే, నమూనా లేదని వెనక్కి పంపేవాడు. పది రోజుల్లో కొట్టు ఖాళీ అయింది. ధనుంజయరావు గారు నివేదికలో ఇలా రాశారు: "అమ్మకములు తగ్గలేదు. అనవసరపు అమ్మకములు మాత్రమే తొలగినవి."

సరుకు పోయాక కౌంటరు పోయింది. కౌంటరు పోయాక అక్కడ పనిచేసే పోస్టు ఎందుకన్నారు. వీరవేణిని పిలిచి, ఆమె ఫైలు మూసేశామని చెప్పారు. పోస్టే లేనప్పుడు పర్మనెంటు చేసే ప్రశ్న ఉత్పన్నం కాదట.

"నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందాండి?" అని అడిగింది.

"తప్పు ఏమియు లేదు. మీరు గీత దాటలేదు" అన్నారు ధనుంజయరావు గారు. ఆయన ఉద్దేశంలో అది ఓదార్పే.

ఆమె తక్కెడ తుడిచి, తూకం రాళ్లన్నీ వరసగా సర్ది, నాకు చెప్పి వెళ్లింది. నేను తల ఊపాను. ఆ రోజు రాత్రి అన్నం సయించలేదు. నోరు తెరవాల్సిన రోజున మూసుకున్నవాడికి మళ్లీ అన్నానికి మాత్రం ఎందుకు తెరుచుకోవాలి.

కత్తిరింపు అంతటితో ఆగలేదు. స్టీలు డబ్బా సంగతి కూడా పట్టుకున్నారు. ఆరేళ్లలో అది ఒక్క బిల్లులోనూ ఒక్క పైసా లాభం చూపించలేదు. దాన్నీ తీసేశారు.

డబ్బా పోయిన శనివారం ఆ ముగ్గురూ ఎప్పట్లాగే ఒకే ఆటోలో వచ్చారు. డబ్బా లేదని చెప్పాను.

"అయితే ఎవరిది వాళ్లకే కొట్టేయండి. కలిపితే ఇంటికెళ్లి లెక్కలేసుకోలేక చస్తన్నాం" అన్నారు సలోమి గారు.

మూడు బిల్లులు కొట్టాను. ఇక్కడ నాకు తెలియనిది ఏమిటంటే, సరిగ్గా ఆ వారమే ప్రధాన కార్యాలయం స్వర్ణ త్రయం కొనే కుటుంబాన్ని సన్మానించాలని తీర్మానించింది. పేరు తెలియదు, చిరునామా తెలియదు. అయినా "సదరు ఆదర్శ వినియోగదారు కుటుంబమును సమాఖ్య శాశ్వత సిబ్బందితో సర్వవిధముల సమానముగా పరిగణించవలెను" అని ఉత్తర్వు ఇచ్చేశారు. శాలువా కొన్నారు. గేదెకి కూడా ఒక దండ తెప్పించారు. సన్మానం పై శనివారం అన్నారు. ఆ శనివారం ధనుంజయరావు గారు గుమ్మంలో శాలువా పట్టుకుని మధ్యాహ్నం రెండింటిదాకా నిలబడ్డారు. మంగతాయారు గారు దాణా బస్తాతో ఆయన్ని రాసుకుంటూ వెళ్లారు.

ఆ తరవాత వారమూ నమూనా కనపడలేదు. ఆ పై వారమూ లేదు. విచారణ సంఘం కూర్చుంది. సంఘం అంటే ధనుంజయరావు గారు, త్రిమూర్తులు గారు, మినిట్సు రాయడానికి నేను.

"పసిబిడ్డ డైపర్లు మానినది. విద్యార్థి జామెట్రీ మానినాడు. గేదె దాణా మానినది" అన్నారు ధనుంజయరావు గారు. "ముగ్గురునూ ఒకే దినమున మానినారు. దీని భావమేమి?"

"ఊరు మారేరేమోనండి" అన్నారు త్రిమూర్తులు గారు.

"గేదెతో సహానా?"

ధనుంజయరావు గారే ఇందుశేఖర్‌కి ఫోను చేశారు. ఆ అబ్బాయి, సార్, సరుకులు అమ్ముడవుతూనే ఉన్నాయి, బిల్లులు విడిపోయాయంతే, ఇదసలు ఒక కుటుంబమే కాదేమో, బిల్లు కౌంటరులో కూర్చునే ఆయన్ని అడగండి అన్నాడు. ధనుంజయరావు గారు నొచ్చుకున్నారు.

"మీరు లెక్క చూసుకొనండి. కుటుంబ విషయములు సంస్థకు వదిలివేయండి" అని ఫోను పెట్టేశారు.

తరవాత మెల్లిగా లేచి, కిటికీలోంచి కాలువ కేసి చూశారు. కాలువ నిండుగా పారుతోంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు నిజమైనవేనని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆ కుటుంబాన్ని ఆయన అంతగా ప్రేమించారు.

"రాయండి" అన్నారు. "దుర్ఘటన."

మర్నాడు స్టోరులో సంతాప సభ. నమూనా ఉన్న కాగితాన్ని పటం కట్టించి, దండ వేసి, మండపంలో పెట్టారు. అది శనివారం కావడంతో ఆ ముగ్గురూ సరుకుల కోసం వచ్చి, అందరితోపాటు రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. అయ్యాక మంగతాయారు గారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"ఎవరు పోయేరండి?"

"మన దగ్గర సరుకులు కొనే కుటుంబమండి."

"అయ్యో. పిల్లలున్నారా?"

"ఒక పసిబిడ్డ, ఒక స్కూలు పిల్లాడు. ఒక గేదె."

"గేదె కూడానా" అని ఆవిడ కొంగు కళ్లకి అద్దుకున్నారు.

విషయం అక్కడితో ముగిసేదే. కానీ శాశ్వత సిబ్బందితో సమానమన్న ఉత్తర్వు ఒకటుంది కదా. మా సంస్థలో శాశ్వత సిబ్బంది పోతే వాళ్ల తాలూకు ఒకరికి కారుణ్య నియామకం ఇవ్వాలి. ప్రధాన కార్యాలయంలో సిబ్బంది విభాగం వాళ్లు నిబంధనలు తెలిసినవాళ్లు. పోస్టు మంజూరు చేసి, వారంలోగా అర్హులైనవారిని పంపమనీ, లేకపోతే పోస్టు రద్దవుతుందనీ, అందుకు మేనేజరుదే బాధ్యతనీ రాశారు. త్రిమూర్తులు గారు ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"లేనోళ్లకి వారసుణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చేదండి బాబూ."

నేను సైకిలు తీశాను.

వీరవేణి రొయ్యల షెడ్డులో ఉంది. ఐసులో రొయ్యలు వలిచి వలిచి ఆమె వేళ్లు తెల్లగా ఉబ్బిపోయాయి. ఆ వేళ్లు చూస్తే నాకు సిగ్గేసింది. ఉన్నదంతా చెప్పాను. బిల్లుల సంగతి, నేను నోరు మూసుకున్న సంగతి, ఇప్పుడొచ్చిన పోస్టు సంగతి.

ఆమె అంతా విని, "పోయినోళ్లు నిన్న మా వీధిలోనే కనబడ్డారు కదండి" అంది.

"కనబడ్డారమ్మా."

"నేను అబద్ధం చెప్పనండి. తరవాత పట్టుకుంటే జైల్లో పెడతారు."

"చెప్పక్కర్లేదు. వాళ్లు అడిగినదానికి నిజమే చెప్పు. మా సంస్థలో నిజం చెప్పినంత మాత్రాన ఎవరికీ ఏమీ తెలియదు."

సోమవారం ధనుంజయరావు గారు దరఖాస్తు ముందు పెట్టుకుని కూర్చున్నారు. మృతుల్ని ఎరిగున్న ముగ్గురు స్థానికులు సాక్షి సంతకాలు పెట్టాలని నిబంధన. కాలువ గట్టు వీధి నుంచి ముగ్గురు స్థానికులు వచ్చారు. వాళ్లకి కూడా నేను సంగతంతా చెప్పేశాను. సలోమి గారు ఒకటే మాటన్నారు: "వీరవేణికి ఉజ్జోగం వస్తాదంటే చచ్చిపోడానికేముందండి, చూపించండి ఎక్కడ సంతకమో."

"మృతులు మీకు తెలిసినవారేనా?" అని అడిగారు ధనుంజయరావు గారు.

"మాకంటే బాగా ఎవరికీ తెలీదండి" అన్నారు అనసూయ గారు.

"ఎట్టివారు?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మంచోళ్లేనండి" అన్నారు మంగతాయారు గారు సిగ్గుపడుతూ.

సంతకాలయ్యాయి. ఇక మిగిలింది ఒకే గడి: మృతులతో సంబంధం. ధనుంజయరావు గారు కలం పట్టుకుని వీరవేణి కేసి చూశారు. త్రిమూర్తులు గారు కళ్లు మూసుకుని ఏదో దండకం మొదలెట్టారు.

"ఏ సంబంధమూ లేదండి" అంది వీరవేణి. "పదకొండేళ్లు ఉప్పు పోసేదాన్ని. అంతేనండి."

ధనుంజయరావు గారు కలం పక్కన పెట్టి కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఆ కుటుంబము ఉప్పు కూడా తినెడిదా" అన్నారు. "నా లెక్కలో అది రాలేదు."

"తినకుండా ఎవరుంటారండి" అంది వీరవేణి.

ఆయన మళ్లీ కలం తీసుకుని, గడిలో "ఉప్పు" అని రాసి సంతకం పెట్టారు. సంబంధం ఉప్పు గనక నియామకం కూడా ఉప్పు విభాగంలోనే ఉండాలని సిబ్బంది విభాగం పట్టుబట్టింది. ఉప్పు విభాగం లేకుండా నియామకం కుదరదు కాబట్టి, విడి సరుకుల కౌంటరు తిరిగి తెరిచారు. ఉప్పు మాత్రం కొంటామన్నవాళ్లని కూడా వాచ్‌మన్ ఇప్పుడు లోపలికి పంపిస్తున్నాడు. దండ వేసిన పటాన్ని ఆ కౌంటరు పైనే తగిలించారు.

మొదటి రోజు పొద్దున్న వీరవేణి తక్కెడ తుడిచి, పటం కింద నిలబడి, నన్ను పిలిచింది.

"పదకొండేళ్లు బతికుండి అడిగేనండి, రాలేదు. లేనోళ్లు పోతే నాలుగు రోజుల్లో వచ్చింది. ఇప్పుడు ఈ పటానికి దండం పెట్టమంటారా, మానమంటారా?"

ఈలోగా శనివారం ఆటో వచ్చింది. మంగతాయారు గారు అందరికంటే ముందు లోపలికొచ్చి, పటం చూసి, చెప్పులు విప్పి, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నారు. తరవాత కళ్లు తెరిచి సంచీ ముందుకి చాపారు.

"అరకిలో ఉప్పు పొయ్యమ్మా" అన్నారు. "తక్కెడ మొగ్గు చూసి పొయ్యి."